వేరే యాప్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడటం ఎలా: ఒక పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉద్యోగి సూచనలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా చేసిన పని ఒక ఎక్స్ఛేంజిని ఇంకో ఎక్స్ఛేంజితో మాట్లాడించడం. పల్లెల్లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన చిన్న ఎక్స్ఛేంజీలు ఉండేవి. పట్టణంలో ఫ్రెంచి పరిజ్ఞానంతో మన దేశంలోనే తయారైన ఈ-10బీ ఉండేది. బోర్డులు వేరు, సాఫ్ట్‌వేర్ వేరు, మాన్యువల్‌లో వాడే పదాలు కూడా వేరు. అయినా పల్లెలో మిర్చి రైతు నంబరు తిప్పితే గుంటూరు యార్డులో కమీషన్ ఏజెంటు ఫోను మోగేది. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఆర్2 అనే సిగ్నలింగ్ పద్ధతి. ఇటు నుంచి ఒక అంకెకు గుర్తుగా రెండు స్వరాలు కలిసి వెళ్తాయి. ‘అందింది, తర్వాతి అంకె పంపు’ అని అటు నుంచి ఇంకో జంట స్వరాలు వచ్చేదాకా ఇటు స్వరం ఆగదు. లైన్ మీద చెవి పెడితే ఆ మాటామంతీ వినపడేది.

అలాంటి చోట పనిచేసినదాన్ని కాబట్టి, పక్క కంపెనీ యాప్‌లో ఉన్న మనిషికి నా యాప్ నుంచి కబురు పంపలేకపోవడం నాకు మొదటినుంచీ వింతగానే ఉంది. ఫోన్‌పే నుంచి గూగుల్ పేకి డబ్బు వెళ్తుంది. ‘డబ్బు అందింది’ అన్న మాట మాత్రం సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ నుంచి వాట్సాప్‌కి వెళ్లదు.

టెక్ కంపెనీలు తమ మెసేజింగ్ సేవలను బయటివాళ్లకు తెరవాలా అని నన్నడిగితే తెరవాలనే అంటాను. ఆ మాటతో పని అయిపోదు. లైన్ కలిపాం అని కాగితం మీద రాసినంత మాత్రాన కాల్ వెళ్లదు. ఎంత వెడల్పుగా కలిపారు, రెండు వైపుల నుంచీ పరీక్షించారా అన్నది ముఖ్యం. అందుకని ఇప్పటికి ఏం తెరుచుకుంది, దాన్ని మీ ఫోనులో ఎలా వాడుకోవాలి, తెరుచుకోనిచోట ఏం చేయాలి అన్నది పని నేర్పినట్టుగా చెబుతాను.

ముందు ఒక కాగితం తీసుకోండి

మీతో తరచూ మాట్లాడేవాళ్ల పేర్లు రాసి, పక్కన వాళ్లు వాడే యాప్ రాయండి. ఆ పక్కనే ఎందుకు వాడుతున్నారో కూడా రాయండి. ఈ మూడో గడిని ఎవరూ పట్టించుకోరు, అసలు సంగతి అక్కడే ఉంటుంది. మా ఇంటి కాగితం ఇలా ఉంది: అబ్బాయి మ్యూనిక్‌లో, సిగ్నల్, అతని సహోద్యోగులంతా అందులోనే ఉన్నారని. తమ్ముడి కూతురు డాలస్‌లో, ఐఫోనులో వచ్చిన మెసేజెస్ యాప్, వేరేది పెట్టుకోవడం బద్ధకమని. మా వియ్యపురాలు హనుమకొండలో, వాట్సాప్, ఇంకోటి ఉందని తెలియక కాదు, భజన మండలి మొత్తం అక్కడే ఉందని.

బద్ధకం వల్ల ఉన్నవాళ్లను కదిలించవచ్చు. గుంపు వల్ల ఉన్నవాళ్లను కదిలించలేం. వాళ్ల దగ్గరికి మన లైన్ వెళ్లాల్సిందే. తెరవాలనే వాదనకు బలం అదే. ఒక సేవ బాగుండి వాడటం వేరు, అందరూ అక్కడే చిక్కుకుని ఉన్నారు కాబట్టి వాడటం వేరు.

డాలస్ అమ్మాయి సంగతి తేలిక. 2024 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 18తో ఆపిల్ తన మెసేజెస్ యాప్‌లో ఆర్‌సీఎస్‌ను చేర్చింది. ఎస్‌ఎంఎస్ స్థానంలో వచ్చిన కొత్త తరం సందేశాల పద్ధతి ఇది. ఐఫోనులో సెట్టింగ్స్, యాప్స్, మెసేజెస్ అన్న వరుసలో వెళ్తే ఆర్‌సీఎస్ మెసేజింగ్ అని కనిపిస్తుంది. వాళ్ల టెలికాం సంస్థ ఆ సౌకర్యం ఇస్తుంటేనే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ వైపు గూగుల్ మెసేజెస్‌లో ఆర్‌సీఎస్ చాట్స్ ఆన్ చేసుకోవాలి. రెండు చివరలా ఆన్ అయితే ఫొటోలు పాత ఎంఎంఎస్ లాగా నలిగిపోకుండా వెళ్తాయి, అవతల టైప్ చేస్తున్నట్టు కూడా తెలుస్తుంది. ఒక జాగ్రత్త: ఐఫోనుకూ ఆండ్రాయిడ్‌కూ మధ్య నడిచే ఆర్‌సీఎస్ మొదట్లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేకుండానే వచ్చింది. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేకుండా సందేశానికి వేసే తాళం అది. ఆ రక్షణతో కూడిన ప్రమాణాన్ని మొబైల్ సంస్థల ప్రపంచ సంఘం జీఎస్‌ఎంఏ 2025 మార్చిలో ప్రకటించింది. మీ సంభాషణలో తాళం గుర్తు కనిపించేదాకా బ్యాంకు వివరాలు, ఆధార్ కాపీలు ఆ దారిలో పంపకండి.

మీ వాళ్లెవరైనా యూరప్‌లో ఉంటే

అసలు తలుపు తెరుచుకున్నది అక్కడే, అదీ చట్టం నెట్టితే. యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ 2022 నవంబరులో అమల్లోకి వచ్చింది. 2023 సెప్టెంబరులో వాట్సాప్‌ను, మెసెంజర్‌ను ‘గేట్‌కీపర్’ సేవల జాబితాలో, అంటే ఈ చట్టానికి లోబడాల్సిన పెద్ద కంపెనీల సేవల్లో చేర్చారు. ఆ చట్టంలోని 7వ అధికరణం ప్రకారం వేరే సంస్థ అడిగితే ముందుగా ఇద్దరి మధ్య సందేశాలు, ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు, వీడియోలు, ఫైళ్లు కలపాలి. జాబితాలో చేర్చిన నాటినుంచి 2 ఏళ్లలో గ్రూపులు, 4 ఏళ్లలో కాల్స్ కలపాలి. ఇందులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది: సొంత వినియోగదారులకు ఎంత భద్రత ఇస్తున్నారో కలిపాక కూడా అంతే భద్రత ఉండాలి, ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో సహా. ఆపిల్ ఐమెసేజ్‌ను కూడా పరిశీలించి, 2024 ఫిబ్రవరిలో జాబితాలో చేర్చకుండా వదిలేశారు.

వాట్సాప్ యజమాని మెటా 2025 నవంబరులో ఈ సౌకర్యాన్ని యూరప్‌లో విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది. ముందుగా వచ్చిన బయటి యాప్‌లు రెండు: బర్డీచాట్, హైకెట్. ఈ పేర్లు మీరు వినకపోతే ఆశ్చర్యం లేదు. సిగ్నల్, త్రీమా అనే మెసేజింగ్ యాప్‌లు రెండూ తాము కలవబోమని ముందే చెప్పేశాయి. కలిస్తే తమ వినియోగదారుల గోప్యత పలచబడుతుందని వాటి వాదన. కాబట్టి సిగ్నల్‌లో ఉన్న మా అబ్బాయికి ఈ తలుపు ఇప్పటికి గోడతో సమానం. అయినా అతని వాట్సాప్‌లో ఆ సెట్టింగ్ ఉంది, గుంటూరులో నా ఫోనులో ఎంత వెతికినా లేదు.

ఆన్ చేసే పద్ధతి చెబుతాను. వాట్సాప్‌లో సెట్టింగ్స్ తెరవండి, అకౌంట్‌లోకి వెళ్లండి, అక్కడ థర్డ్-పార్టీ చాట్స్ అన్న వరుస ఉంటుంది. దాన్ని తాకితే ఈ సౌకర్యం ఏం చేస్తుందో వివరించే పేజీ వస్తుంది. చదవకుండా ముందుకు నొక్కకండి. బయటి యాప్‌వాళ్లు మీ సమాచారాన్ని వేరే విధంగా వాడవచ్చని అందులోనే రాసి ఉంటుంది. ఆ తర్వాత ఏ యాప్‌ల నుంచి రానివ్వాలో ఎంచుకోవాలి. చివరగా, బయటి సందేశాలు మీ మామూలు చాట్‌లతో కలిసి కనిపించాలా, విడిగా ఒక పెట్టెలో ఉండాలా అని అడుగుతుంది. విడిగా పెట్టండి. పేరు ఒకటే అయినా దారి వేరైన సందేశాన్ని కళ్లు వెంటనే గుర్తు పట్టాలి. వాట్సాప్‌లో మీరు బ్లాక్ చేసిన మనిషి ఇంకో యాప్ వైపు నుంచి తిరిగి రావడానికి వీలుందన్నది గుర్తుంచుకోండి. స్టేటస్‌లు, స్టిక్కర్లు, మాయమయ్యే సందేశాలు ఈ దారిలో వెళ్లవు. ఫోనులోనే పనిచేస్తుంది, కంప్యూటర్‌లోని వాట్సాప్‌లో కాదు. వద్దనుకుంటే మళ్లీ అక్కడికే వెళ్లి ఆపేయవచ్చు.

తెరిచారు సరే, ఎంత తెరిచారు?

2016లో జియో వచ్చినప్పుడు జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. జియో నుంచి ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలకు కాల్ చేస్తే కలిసేది కాదు. నెట్‌వర్క్‌లు కలవాలన్న నిబంధన అప్పటికే ఉంది, కలిసే ఉన్నాయి కూడా. తగినన్ని సర్క్యూట్లు ఇవ్వలేదన్నది జియో ఫిర్యాదు, ఒక్కసారిగా వచ్చిపడిన రద్దీ అన్నది మిగతావాళ్ల జవాబు. అలాంటి కలయిక చోట ప్రతి 1000 కాల్స్‌లో 5 కన్నా ఎక్కువ ఆగకూడదన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. అప్పుడు ఆగిపోయినవి అంతకన్నా ఎన్నో రెట్లు. ఆ అక్టోబరులో ట్రాయ్ ఆ మూడు సంస్థలకూ కలిపి 3,050 కోట్ల రూపాయల జరిమానా వేయాలని సిఫారసు చేసింది.

అందుకే ఏ కంపెనీ అయినా ‘మేం తెరిచాం’ అంటే నేను కొన్ని ప్రశ్నలు వేసుకుంటాను. మీరూ వేసుకోండి. అవతలి మనిషి ప్రత్యేకంగా ఒక స్విచ్ వేస్తేనే మీ సందేశం చేరుతుందా? ఆ స్విచ్ ఎన్ని పొరల లోపల ఉంది? అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే ఫొటో, ఇక్కడి నుంచి వెళ్లే ఫొటో ఒకే నాణ్యతతో ఉన్నాయా? గ్రూపులు కలిశాయా? ఒక దేశంలో తెరిచి ఇంకో దేశంలో మూశారా? రేపు ఇష్టం లేకపోతే మూసేయకుండా ఆపేది ఎవరు?

చివరి ప్రశ్న మిగతా వాటికన్నా బరువైనది. గూగుల్ టాక్ 2005లో వచ్చింది. ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ ప్రమాణంతో 2006 నుంచి బయటి సర్వర్లతో కూడా మాట్లాడింది. ఏ చట్టమూ అడగలేదు, వాళ్లే తెరిచారు. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి ఆ దారి వదిలేశారు. ఫేస్‌బుక్ చాట్ కూడా 2010లో బయటి యాప్‌లను రానిచ్చి 2015లో ఆపేసింది. నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బు కట్టి యాహూ మెసెంజర్ వాడిన తరానికి ఇంకోటి గుర్తుండాలి: 2006లో యాహూ, ఎంఎస్‌ఎన్ మెసెంజర్లు ఒకదానితో ఒకటి మాట్లాడాయి. చిన్నగా ఉన్నప్పుడు తెరవడం, పెద్దయ్యాక మూయడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. దయతో తెరిచిన తలుపును నమ్ముకుని గ్రూపు కట్టకండి.

చట్టం ఉంటే చాలు అనుకోవడానికీ లేదు. అమెరికాలో 2001 జనవరిలో ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్, మీడియా సంస్థ టైమ్ వార్నర్ల కలయికకు అనుమతి ఇస్తూ అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒక షరతు పెట్టింది: వీడియో లాంటి కొత్త హంగులతో మెసేజింగ్ తేవాలంటే ముందు పోటీదారులతో కలవాలని. 2003లో ఆ షరతు తీసేశారు. అప్పటికీ ఏఓఎల్ కలవలేదు.

మన దగ్గర యూపీఐ మాట తప్పకుండా వస్తుంది. జోహో సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన శ్రీధర్ వెంబు కూడా 2025లో తమ మెసేజింగ్ యాప్ అరట్టైకి ఒక్కసారిగా జనం పెరిగినప్పుడు, మెసేజింగ్ వ్యవస్థలు యూపీఐ లాగా, ఈమెయిల్ లాగా ఒకదానితో ఒకటి కలవాలన్నారు. మంచి మాట. అయితే యూపీఐని పూర్తిగా చూడండి. 2016లో మొదలైనప్పటి నుంచీ అందులో అందరి తలుపులూ తెరిచే ఉన్నాయి. అయినా లావాదేవీల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఫోన్‌పే, గూగుల్ పేల ద్వారానే సాగుతున్నాయి. ఒక్కో యాప్ వాటా 30 శాతం దాటకూడదన్న నిబంధన గడువు వాయిదాలు పడుతూ 2026 చివరికి చేరింది. తెరిస్తే పెద్ద కంపెనీ చిన్నదైపోతుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. తెరవమనడం కంపెనీని చిన్నది చేయడానికి కాదు. ఇష్టం లేనివాడు ఇంకోచోటికి వెళ్లినా మనుషులను పోగొట్టుకోకుండా ఉండటానికి.

మన దేశంలో ఉన్నవాళ్లు ఏం చేయాలి

ఇక్కడ ఆ స్విచ్ లేదు. మెసేజింగ్ యాప్‌ల విషయంలో ప్రస్తుతానికి జోక్యం అక్కర్లేదని ట్రాయ్ 2020 సెప్టెంబరులో సిఫారసు చేసింది, 2023 జులైలో మళ్లీ చర్చకు పెట్టింది. అదెప్పుడు తేలుతుందో చూస్తూ కూర్చోకుండా సొంత లైన్ ఒకటి వేసుకోవచ్చు. దాని పేరు మ్యాట్రిక్స్.

మ్యాట్రిక్స్ యాప్ కాదు, 2014లో మొదలైన ఒక బహిరంగ ప్రమాణం. దాన్ని మాట్లాడే సర్వర్లు ఎవరైనా నడపవచ్చు. మీ ఖాతా ఒక సర్వర్‌లో, నా ఖాతా ఇంకో సర్వర్‌లో ఉన్నా ఒకే గ్రూపులో మాట్లాడుకోవచ్చు. నాలాంటివాళ్లకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు, రెండు ఎక్స్ఛేంజీలు, మధ్యలో జంక్షన్. ఇది కుర్రవాళ్ల సరదా అనుకునేవాళ్ల కోసం: ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో తెచ్చిన చాప్ అనే యాప్ దీని మీదే నడుస్తోంది. జర్మనీ సైన్యం వాడే మెసెంజర్ కూడా దీని మీదే.

మొదలుపెట్టడం ఇలా. ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచి ఎలిమెంట్ ఎక్స్ అనే యాప్ వేసుకోండి. ఖాతా తెరవమన్నప్పుడు మ్యాట్రిక్స్ డాట్ ఆర్గ్ అనే సర్వర్‌ను అదే చూపిస్తుంది. మొదటిసారికి అది చాలు. ఫోను నంబరు అడగదు, ఈమెయిల్ అడుగుతుంది. మీ చిరునామా ‘ఎట్’ గుర్తుతో మొదలై, మీరు ఎంచుకున్న పేరు, ఒక కోలన్, సర్వర్ పేరుతో ముగుస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. మీరు ఏ ఎక్స్ఛేంజి కింద ఉన్నారో చిరునామాలోనే ఉంటుందన్నమాట. పేరు ఎంచుకునేటప్పుడు పుట్టిన సంవత్సరం తగిలించకండి, తర్వాత మార్చుకోలేరు.

ఇప్పుడు రికవరీ కీ. సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ అన్న చోట దాన్ని తయారు చేయమనండి. నాలుగేసి అక్షరాల గుంపులుగా పొడుగాటి వరుస ఒకటి వస్తుంది. ఫోను పోతే మీ పాత సందేశాల తాళం మళ్లీ తెరిచేది ఇదే. కంపెనీకి ఫోన్ చేసి బతిమాలినా ఎవరూ ఇవ్వలేరు, వాళ్ల దగ్గర ఉండదు కాబట్టి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోనులో పెట్టుకోవడం వల్ల ఉపయోగం సున్నా. నోటు పుస్తకంలో చేత్తో రాయండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటుంది, అలాగే రాయండి. ఆ వరుసలో సున్నా అంకె గానీ, పెద్ద ఓ గానీ, పెద్ద ఐ గానీ, చిన్న ఎల్ గానీ రావు. చేత్తో రాసేవాళ్లు పొరపడే వాటినే ఏరి తీసేశారు. ఎవరు ఆలోచించారో గానీ, పనిమంతులు. రాశాక ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి, వాళ్లు చదువుతుంటే మీరు తెరతో సరిచూడండి.

తర్వాత ఒక గది తెరవండి. గ్రూపును ఇందులో రూమ్ అంటారు. ప్రైవేట్ అని ఎంచుకుంటే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, ఒకసారి ఆన్ అయితే ఇక ఆపలేరు. ఒక్క సంగతి: గదికి పెట్టిన పేరు, అందులో ఎవరెవరు ఉన్నారన్నది తాళం లోపలికి రాదు, సర్వర్ నడిపేవాళ్లకు కనిపిస్తుంది. కాబట్టి ‘పొలం తగాదా’ అని పేరు పెట్టకండి.

చివరిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: పరీక్ష. అవతలి మనిషి నిజంగా ఆ మనిషేనా అని తేల్చుకోవడానికి వాళ్ల ప్రొఫైల్ తెరిచి వెరిఫై నొక్కాలి. రెండు ఫోన్ల తెరల మీదా 7 బొమ్మలు వరుసగా వస్తాయి. అవి ఒకటేనా అని పోల్చుకోవాలి, అదీ ఆ యాప్‌లో కాదు, వేరే దారిలో. మా అబ్బాయితో మామూలు ఫోనులో చేశాను. ‘ఏనుగు’ అన్నాను. ‘ఏనుగే అమ్మా’ అన్నాడు. గొడుగు, తాబేలు, సైకిలు, గంట, అరటిపండు, తాళంచెవి. ప్రతిదానికీ అటు నుంచి ‘ఆ, తర్వాతది’ అని జవాబు. ఒక్క బొమ్మ తేడా వచ్చినా ఆపేయాలి, మధ్యలో ఎవరో ఉన్నట్టు. అతని ఖాతా జర్మనీలో స్నేహితుడు నడిపే సర్వర్‌లో ఉంది, నాది మ్యాట్రిక్స్ డాట్ ఆర్గ్‌లో. గది నకలు రెండు చోట్లా ఉంటుంది కనుక ఒక సర్వర్ ఆగినా రెండో వైపువాళ్ల పాత సందేశాలు ఎక్కడికీ పోవు.

కాస్త నెమ్మదిగా ఉంటుందని, కొన్నిసార్లు ‘ఈ సందేశాన్ని తెరవలేకపోతున్నాం’ అని చూపిస్తుందని ముందే చెప్పేస్తున్నాను. ఎక్కువగా రికవరీ కీ పెట్టుకోనివాళ్లకే ఆ ఇబ్బంది.

వంతెనల విషయంలో తొందరపడకండి

బ్రిడ్జ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మ్యాట్రిక్స్‌కూ వాట్సాప్‌కూ ఇప్పుడే లైన్ కలపవచ్చని మీ ఇంట్లో కంప్యూటర్ తెలిసిన కుర్రవాడు చెబుతాడు. నిజమే, కలపవచ్చు. వాట్సాప్ వెబ్‌కు క్యూఆర్ కోడ్ చూపించినట్టే దానికీ చూపిస్తారు. కానీ ఒక తాళం విప్పి ఇంకో తాళం వేసే పని ఆ వంతెన ఉన్న సర్వర్‌లోనే జరుగుతుంది. ఆ మధ్యలో సందేశం విప్పిన ఉత్తరమే. పైగా అనధికారిక యాప్‌లను వాట్సాప్ నిబంధనలు ఒప్పుకోవు, ఖాతా ఆగిపోవచ్చు. ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు తెచ్చిన బీపర్ మినీ 2023 డిసెంబరులో విడుదలైతే, ఆపిల్ కొద్ది రోజుల్లోనే అడ్డుకట్ట వేసింది. మీ ఒక్కరి చాట్‌లకు ప్రయత్నించుకుంటే అది మీ ఇష్టం. ఇతరులున్న గ్రూపుకు వంతెన వేసే ముందు ప్రతి ఒక్కరికీ చెప్పాలి, ఒక్కరు వద్దన్నా మానుకోవాలి.

తెరవవద్దనేవాళ్ల మాటలో నేను ఒప్పుకునేది కూడా ఇదే. టెలిఫోన్ నెట్‌వర్క్‌లను కలిపే ఎస్‌ఎస్7 సిగ్నలింగ్‌ను ఒకరినొకరు నమ్మే సంస్థల కోసం తయారు చేశారు. లోపలికి వచ్చినవాణ్ణి ‘నువ్వెవరు’ అని అది అడగదు. 2017లో జర్మనీలో దొంగలు ఆ దారినే బ్యాంకు ఓటీపీలను తమవైపు మళ్లించుకుని ఖాతాల్లో డబ్బు లాగేశారు. కలపడం తప్పు కాదు, అడగకుండా కలపడం తప్పు. యూరప్ చట్టంలో భద్రత తగ్గకూడదన్న మాట నచ్చిందని అన్నది అందుకే. సిగ్నల్ భయాన్ని నేను కొట్టిపారేయను. కాకపోతే ఆ భయాన్ని వాట్సాప్ అంత పెద్ద కంపెనీ అరువు తెచ్చుకుంటే మాత్రం నమ్మను. 300 కోట్ల మందికి పైగా వాడే సేవకు బయటివాళ్లను పరీక్షించి రానిచ్చే స్తోమత లేకపోదు.

గ్రూపును కదిలించేటప్పుడు

ముందు పాత వాట్సాప్ గ్రూపు చరిత్రను దించుకోండి. ఆండ్రాయిడ్ ఫోనులో గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు, మోర్, ఎక్స్‌పోర్ట్ చాట్. ఫొటోలతో కావాలా, లేకుండానా అని అడుగుతుంది. ఫొటోలు లేకుండా అయితే ఎక్కువ సందేశాలు వస్తాయి. గ్రూపులో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేసి ఉంటే ఎక్స్‌పోర్ట్ కుదరదు, అడ్మిన్‌ను అడిగి కాసేపు ఆపించాలి. వచ్చేది మామూలు టెక్స్ట్ ఫైలు, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. అందులో అందరి మాటలూ ఉంటాయి కాబట్టి ఇంకెవరికీ పంపకండి.

పాత గ్రూపును మూసేయకండి. అలిగి వెళ్లిపోతున్నట్టు ఉంటుంది, ఎవరూ వెంట రారు. ముందుగా ఒకే పనిని కొత్త గదికి మార్చండి. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ లెక్కలు మార్చాం. ట్యాంకర్ ఎప్పుడొచ్చింది, ఎంత తీసుకున్నాడు, ఎవరు కట్టారు అన్నవి గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య మునిగిపోతున్నాయని అందరికీ విసుగు ఉంది కనుక వచ్చారు. మూడో అంతస్తు పెద్దాయన ఒకరు రాలేదు. ఆయనకు నెలాఖరున కాగితం మీద ఇస్తున్నాం, ఆయనకు అదే ఇష్టం.

గదికి అడ్మిన్‌గా ఒక్కరినే ఉంచకండి. ఆ ఒక్కరి ఖాతా పోతే ఆ అధికారం ఇంకెవరికీ రాదు, గదిని వదిలేసి కొత్తది తెరవాల్సిందే. కనీసం ఇద్దరిని పెట్టండి. వాళ్లిద్దరి ఖాతాలూ వేర్వేరు సర్వర్లలో ఉండేలా చూడండి. ఇద్దరి దగ్గరా రికవరీ కీ చేత్తో రాసి ఉందో లేదో ఒకసారి స్వయంగా వెళ్లి అడగండి.